1234567890: ఒక పెద్ద పూర్ణాంకం గుణాలను కాగితం మీద పూర్తిగా రాబట్టే విధానం

పెద్ద సంఖ్య ఒకటి ఇచ్చి దాని గుణాలు చెప్పమంటే చాలామంది వెంటనే 3తోనూ 7తోనూ 13తోనూ వరుసగా భాగహారాలు మొదలుపెడతారు. ఆ పద్ధతి తప్పు కాదు గానీ, సంఖ్య పరిమాణాన్నీ ఆకారాన్నీ ముందుగా పరిశీలించకుండా భాగహారానికి దిగితే పది నిమిషాల్లో తేలే పని పూటంతా పడుతుంది. ఈ మార్గదర్శిలో 1234567890 అనే సంఖ్యను ఉదాహరణగా తీసుకుని, ఏ పరీక్ష ఏ క్రమంలో చేయాలో, ఒక పరీక్ష ఫలితం తరువాతి పరీక్షకు ఎలా ఉపయోగపడుతుందో వివరిస్తాను. పది అంకెలూ ఒక్కొక్కసారి మాత్రమే వచ్చే ఈ సంఖ్య పైకి అందరికీ పరిచయమైనదే. దీని ప్రధాన కారణాంకాలు ఏమిటని అడిగితే మాత్రం గణితం చదువుకున్నవారు కూడా ఒక్క క్షణం ఆగుతారు. ఉన్నత పాఠశాల స్థాయి గణితం, కాగితం, పది అంకెలు పట్టే సాధారణ కాలిక్యులేటర్ ఉంటే ఈ పనికి చాలు.

మొదటి అడుగు: సంఖ్యను చదవడం, వర్గమూలాన్ని అంచనా వేయడం

మన పద్ధతిలో కామాలు పెడితే ఈ సంఖ్య 1,23,45,67,890 అవుతుంది. అంటే నూట ఇరవై మూడు కోట్ల నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై. ఇందులో పది అంకెలు ఉన్నాయి కనుక ఇది 10⁹కీ 10¹⁰కీ మధ్య ఉంటుంది.

తరువాత వర్గమూలం కావాలి. ఒక సంయుక్త సంఖ్యకు దాని వర్గమూలానికి మించని ప్రధాన కారణాంకం కనీసం ఒకటైనా ఉండి తీరుతుంది కాబట్టి, మనం ఎంత దూరం వెతకాలో చెప్పే హద్దు ఇదే. 35,000 వర్గం 1,22,50,00,000 అని నోటి లెక్కతోనే తెలుస్తుంది. మన సంఖ్యలోంచి దాన్ని తీసివేస్తే 95,67,890 మిగులుతుంది. ఆ మిగులును 35,000కు రెట్టింపైన 70,000తో భాగిస్తే సుమారు 136.7 వస్తుంది. ఈ దిద్దుబాటు ఎప్పుడూ కొద్దిగా ఎక్కువగానే వస్తుంది కాబట్టి 35,136ను తీసుకుని సరిచూడాలి. 35,136 వర్గం 1,23,45,38,496, 35,137 వర్గం 1,23,46,08,769. మన సంఖ్య ఈ రెండింటి మధ్య పడింది కనుక ఇది పరిపూర్ణ వర్గం కాదు. నిజానికి దీన్ని ఇంకా తేలికగా చెప్పవచ్చు. పరిపూర్ణ వర్గం చివర సున్నాలు ఉంటే వాటి లెక్క సరిసంఖ్యే అయి ఉండాలి, ఇక్కడ ఒకే ఒక్క సున్నా ఉంది.

రెండవ అడుగు: అంకెలను చూసి చేసే భాజనీయత పరీక్షలు

చివరి అంకె సున్నా కనుక 2, 5 రెండూ భాగిస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు గానీ, ఏ కారణాంకం ఎన్నిసార్లు వస్తుందో కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. చివరి రెండు అంకెలైన 90ని 4 గానీ 25 గానీ భాగించవు. కాబట్టి 2 ఒక్కసారే, 5 ఒక్కసారే వస్తాయి.

అంకెల మొత్తం 45. దాన్ని 9 భాగిస్తుంది కనుక మన సంఖ్యనూ 9 భాగిస్తుంది. 10, 100, 1000 మొదలైనవాటిని 9తో భాగిస్తే శేషం ఎప్పుడూ 1 కావడమే ఈ సూత్రానికి ఆధారం. ఇక్కడ ఒక చక్కని పర్యవసానం ఉంది. పది అంకెలనూ ఏ క్రమంలో పేర్చినా మొత్తం 45 నుంచి మారదు, అందువల్ల ఆ 36,28,800 అమరికల్లో ఏ ఒక్కటీ ప్రధాన సంఖ్య కాలేదు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించే అవసరమే లేదు.

3 మూడుసార్లు వస్తుందేమో తెలుసుకోవాలంటే 27తో పరీక్షించాలి. 999 = 27 × 37 కాబట్టి, కుడి నుంచి మూడేసి అంకెల చొప్పున విడదీసి కూడితే 27, 37 రెండింటి పరీక్షా ఒకేసారి అయిపోతుంది. 1, 234, 567, 890ల మొత్తం 1692, దాన్ని మళ్లీ అలాగే కుదిస్తే 693. ఈ 693ను 27తో భాగిస్తే శేషం 18, 37తో భాగిస్తే శేషం 27. కాబట్టి రెండూ భాగించవు, 3 సరిగ్గా రెండుసార్లే వస్తుంది.

ఇదే విభజనలో కూడిక బదులు ఒకటి విడిచి ఒకటి తీసివేస్తే 7, 11, 13 పరీక్షలు మూడూ కలిసి పూర్తవుతాయి, ఎందుకంటే 1001 = 7 × 11 × 13. లెక్క ఇలా సాగుతుంది: 890 − 567 + 234 − 1 = 556. ఈ 556ను 7తో భాగిస్తే శేషం 3, 11తో అయితే 6, 13తో అయితే 10. మూడూ పోయాయి. 7కు విడిగా ఒక సూత్రం, 13కు విడిగా మరొక సూత్రం కంఠస్థం చేయించే అలవాటు మన బోధనలో ఉంది గానీ, ఈ ఒక్క పరీక్ష తెలిస్తే వాటి అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

ఇంతవరకూ తేలినది: 1234567890 = 2 × 3² × 5 × 1,37,17,421.

మూడవ అడుగు: మిగిలిన సంఖ్యను విడదీయడం

మొత్తం పనిలో అసలైన కష్టం ఇక్కడే ఉంది. 13717421ను 2, 3, 5, 7, 11, 13, 37 భాగించవని ఇప్పటికే తెలుసు, ఎందుకంటే దీన్ని భాగించే ప్రతి సంఖ్యా అసలు సంఖ్యనూ భాగించాలి, 2, 3, 5లను మనం పూర్తిగా బయటికి తీసేశాం. దీని వర్గమూలం సుమారు 3703.7. ఎరటోస్తనీస్ జల్లెడతో (గుణిజాలను కొట్టివేస్తూ ప్రధాన సంఖ్యలను మిగిల్చే పద్ధతితో) 3703 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ రాసుకుని ఒక్కొక్కదానితో భాగిస్తూ పోతే, పట్టికలో ఐదు వందలకు పైబడిన సంఖ్యలు ఉంటాయి. కంప్యూటర్‌కు అది లెక్కలోకి రాని పని, మనిషికి మాత్రం ఓపికకు పరీక్ష.

అంతకు దిగే ముందు ఎప్పుడూ ఒకసారి ప్రయత్నించవలసిన మార్గం ఒకటుంది. ఒక బేసి సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే, ఆ రెండింటి సగటును క అనీ, వాటి తేడాలో సగాన్ని గ అనీ అనుకుంటే, ఆ సంఖ్య క² − గ² అవుతుంది. కారణాంకాలు క + గ, క − గ. కాబట్టి వర్గమూలానికి పైనున్న పూర్ణాంకాలను వరుసగా క స్థానంలో ఉంచి, క² నుంచి మన సంఖ్యను తీసివేసినప్పుడు మిగిలేది పరిపూర్ణ వర్గమేనా అని చూడాలి. ఫ్రెంచ్ గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా 1643లో రాసిన లేఖలో ఈ పద్ధతిని వివరించాడు కనుక ఇది అతని పేరుతో ప్రసిద్ధమైంది. అయితే అంతకు సుమారు మూడు శతాబ్దాల ముందే, 1356 నాటి గణిత కౌముదిలో, నారాయణ పండితుడు సంఖ్యకు ఒక వర్గాన్ని కలిపి మరొక వర్గాన్ని రాబట్టి కారణాంకాలు కనుక్కునే ఇటువంటి విధానాన్నే చెప్పాడు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కూడా దీని పక్కన ఉండవలసింది.

మన సంఖ్యకు 3704 నుంచి మొదలుపెట్టాలి. 3704 వర్గం 1,37,19,616. దీనిలోంచి 1,37,17,421 తీసివేస్తే 2195 మిగులుతుంది. 5తో ముగిసే ఏ పరిపూర్ణ వర్గమైనా 25తోనే ముగియాలి కాబట్టి 95తో ముగిసే 2195 వర్గం కాదు. తరువాతిది 3705. దాని వర్గం 1,37,27,025. తీసివేస్తే 9604. ఇది 98 వర్గం!

అంటే 13717421 = 3705² − 98² = (3705 − 98)(3705 + 98) = 3607 × 3803.

ఐదు వందల భాగహారాలకు బదులు రెండు తీసివేతలతో పని ముగిసింది. ఆ రెండింటిలోనూ మొదటిది అనవసరమే. 13717421ను 4తో భాగిస్తే శేషం 1. బేసి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 1, సరిసంఖ్య వర్గాన్ని భాగిస్తే శేషం 0 కాబట్టి, క² − గ² శేషం 1 కావాలంటే క బేసి సంఖ్యే అయి ఉండాలి. ఈ చిన్న పరిశీలన ముందే చేసివుంటే 3704ను వదిలి నేరుగా 3705కే వెళ్లేవాళ్లం. శేషం 3 వచ్చే సంఖ్యలకు ఇదే తర్కంతో క సరిసంఖ్య కావాలి. ఏ సంఖ్య విషయంలోనైనా సగం ప్రయత్నాలను ఇలా ముందే కొట్టివేయవచ్చు.

అయితే ఈ పద్ధతి ఎప్పుడూ ఇంత త్వరగా ఫలించదు. రెండు కారణాంకాలూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నప్పుడే ఇది వేగంగా పనిచేస్తుంది, ఒకటి చిన్నదీ మరొకటి చాలా పెద్దదీ అయితే మామూలు భాగహారం కంటే ఎక్కువ కాలం పడుతుంది. 3607, 3803 పక్కపక్కన ఉండటం మన అదృష్టమే తప్ప అంకెల వరుస క్రమం దానికి హామీ ఇవ్వలేదు. ఆర్‌ఎస్‌ఏ సంకేత లిపిలో రహస్య తాళంగా వాడే రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండకూడదని నియమం పెట్టడానికి కారణం కూడా ఈ పద్ధతే. కనుక నా సలహా ఇది: చిన్న ప్రధాన సంఖ్యలను తీసేశాక ఫెర్మా పద్ధతిలో ఓ పది ప్రయత్నాలు చేయండి, ఫలితం రాకపోతే భాగహారాలకు వెళ్లండి.

నాలుగవ అడుగు: 3607, 3803 నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

రెండు కారణాంకాలు దొరకగానే పని అయిపోయిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అవి మళ్లీ విడిపోవచ్చు. 3607 వర్గమూలం 60 కంటే అతికొద్దిగా ఎక్కువ కనుక 59 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే చాలు. 3803కు 61 వరకు వెళ్లాలి. 13 వరకు ఉన్నవీ, 37 కూడా ఇంతకుముందే తొలగిపోయాయి కాబట్టి వాటితో మళ్లీ భాగించనక్కరలేదు.

3607ను 17, 19, 23, 29, 31, 41, 43, 47, 53, 59లతో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 3, 16, 19, 11, 11, 40, 38, 35, 3, 8. ఒక్కటీ సున్నా కాదు. 3803ను అవే సంఖ్యలతోనూ, చివరగా 61తోనూ భాగిస్తే శేషాలు 12, 3, 8, 4, 21, 31, 19, 43, 40, 27, 21. ఇక్కడా సున్నా లేదు. రెండూ ప్రధాన సంఖ్యలే.

గుణకారంలో తప్పు దొర్లలేదని నిర్ధారించుకోవడానికి 9, 11 శేషాల పరీక్ష ఉపయోగపడుతుంది. 9తో భాగించినప్పుడు 3607 శేషం 7, 3803 శేషం 5. వాటి లబ్ధం 35, దాని శేషం 8. 13717421 అంకెల మొత్తం 26, దాని శేషమూ 8. 11తో భాగిస్తే శేషాలు 10, 8, వాటి లబ్ధమైన 80 శేషం 3, 13717421 శేషం కూడా 3. రెండు పరీక్షలూ కుదిరినంత మాత్రాన లెక్క కచ్చితంగా సరైనదని కాదు గానీ, చేతి లెక్కలో దొర్లే తప్పుల్లో ఎక్కువభాగం వీటికి దొరికిపోతాయి.

తుది రూపం: 1234567890 = 2 × 3² × 5 × 3607 × 3803. ఇకపై అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ ఒక్క వరుసలోంచే వస్తుంది.

ఐదవ అడుగు: భాజకాల సంఖ్య, వాటి మొత్తం

ప్రతి ప్రధాన కారణాంకం ఘాతాంకానికి ఒకటి కలిపి అన్నింటినీ గుణిస్తే భాజకాల సంఖ్య వస్తుంది. ఇక్కడ 2 × 3 × 2 × 2 × 2 = 48. అంటే ఈ సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా 24 విధాలుగా రాయవచ్చు. ఆ 24 జతల్లో పరస్పరం అత్యంత సమీపంగా ఉన్నది ఏదన్న ప్రశ్న సరదాగా ఉంటుంది. 90లోని కారణాంకాలను 3607కూ 3803కూ పంచి రెండు వైపులూ దాదాపు సమానం చేయాలి. 90 = 9 × 10 కనుక పెద్దదైన 3803కు 9ని, చిన్నదైన 3607కు 10ని ఇవ్వాలి. 34,227 × 36,070 ఆ జత.

భాజకాల మొత్తానికి ఒక్కొక్క ప్రధాన కారణాంకానికి దాని ఘాతాల మొత్తాన్ని రాసుకుని గుణించాలి: (1 + 2)(1 + 3 + 9)(1 + 5)(1 + 3607)(1 + 3803), అనగా 3 × 13 × 6 × 3608 × 3804. ఇది 3,21,16,10,688. ఇందులోంచి సంఖ్యను తీసివేస్తే, తనను మినహాయించిన భాజకాల మొత్తం 1,97,70,42,798 వస్తుంది. ఇది అసలు సంఖ్య కంటే పెద్దది కాబట్టి 1234567890 సమృద్ధ సంఖ్య. ఈ విషయం చెప్పడానికి ఇంత లెక్క నిజానికి అవసరం లేదు. 6 పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకే సమానం; 6ను మించిన 6 గుణిజాలన్నీ సమృద్ధ సంఖ్యలే కనుక రెండవ అడుగులోనే ఇది తేలిపోయింది.

ఆరవ అడుగు: ఆయిలర్ ఫై ప్రమేయం

1 నుంచి 1234567890 వరకు ఉన్న సంఖ్యల్లో దీనితో 1 తప్ప మరే ఉమ్మడి భాజకమూ లేనివి ఎన్ని అన్నది తరువాతి ప్రశ్న. ఈ లెక్కనే గణితజ్ఞుడు ఆయిలర్ పేరుతో ఫై ప్రమేయం అంటారు. ప్రతి ప్రధాన కారణాంకం నుంచి ఒకటి తగ్గించి గుణించాలి, ఘాతాంకం ఒకటి కంటే ఎక్కువైతే మిగిలిన ఘాతాన్ని అలాగే ఉంచాలి. 2కు 1, 3²కు 2 × 3 = 6, 5కు 4, 3607కు 3606, 3803కు 3802. లబ్ధం 32,90,40,288. మొత్తంలో ఇది నూటికి సుమారు 26.65 వంతు. 2, 3, 5 మూడూ ఉన్న ఏ సంఖ్యకైనా ఈ వంతు 4/15కు, అంటే నూటికి 26.67కు మించదు. 3607, 3803 చాలా పెద్దవి కావడం వల్ల ఆ వంతును అవి దాదాపు తగ్గించలేదు.

ఏడవ అడుగు: వర్గాలతో సంబంధం

ఒక సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్నది 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన కారణాంకాల మీద ఆధారపడుతుంది. అటువంటివన్నీ సరి ఘాతాంకంతో వస్తేనే అది సాధ్యం. మన సంఖ్యలో 3, 3607, 3803 మూడూ ఆ కోవలోవే. 3 రెండుసార్లు వచ్చింది కనుక దానితో ఇబ్బంది లేదు. 3607, 3803 ఒక్కొక్కసారే వచ్చాయి. వాటిలో ఏ ఒక్కటైనా చాలు, రెండు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యమని చెప్పడానికి.

మూడు వర్గాలకు లెజాండర్ 1798లో ఇచ్చిన ప్రమాణం ఉంది. 8తో భాగిస్తే 7 శేషం వచ్చే సంఖ్యలు, వాటిని 4 ఘాతాలతో గుణిస్తే వచ్చేవి తప్ప మిగిలినవన్నీ మూడు వర్గాల మొత్తంగా వస్తాయి. చివరి మూడు అంకెలైన 890ని 8తో భాగిస్తే శేషం 2, పైగా మన సంఖ్యను 4 భాగించదు. కాబట్టి మూడు వర్గాలు చాలు.

వర్గాల భేదం విషయంలో పాఠకులు తరచూ తికమకపడే అంశం ఒకటుంది. మూడవ అడుగులో 13717421ను వర్గాల భేదంగా రాశాం కదా, మరి అసలు సంఖ్యను కూడా అలా రాయవచ్చా? రాయలేం. 4తో భాగిస్తే 2 శేషం వచ్చే ఏ సంఖ్యా రెండు వర్గాల భేదం కాలేదు, ఎందుకంటే వర్గాల శేషాలు 0, 1 మాత్రమే కనుక వాటి తేడా 2 శేషాన్ని ఇవ్వలేదు. అందుకే ఫెర్మా పద్ధతి ప్రయోగించే ముందు 2లన్నింటినీ బయటికి తీసివేయడం తప్పనిసరి.

త్రిభుజ సంఖ్య (1, 2, 3... అని 1 నుంచి వరుసగా కూడితే వచ్చేది) అవునో కాదో చూడాలంటే సంఖ్యను 8తో గుణించి 1 కలిపి, వచ్చినది పరిపూర్ణ వర్గమేమో పరిశీలించాలి. ఇక్కడ వచ్చేది 9,87,65,43,121. 99,380 వర్గం 9,87,63,84,400, 99,381 వర్గం 9,87,65,83,161. మధ్యలో పడింది కనుక ఇది త్రిభుజ సంఖ్య కాదు. అయితే దీన్ని వరుస ధన పూర్ణాంకాల మొత్తంగా మాత్రం 23 విధాలుగా రాయవచ్చు. బేసి భాజకాలు 24, వాటిలో 1ని వదిలేస్తే మిగిలినవి ఒక్కొక్కటీ ఒక్కొక్క విధానాన్ని ఇస్తాయి. మూడు సంఖ్యల విధానం 41,15,22,629 + 41,15,22,630 + 41,15,22,631.

ఎనిమిదవ అడుగు: దశాంశ రూపానికి మాత్రమే చెందిన గుణాలు

ఇప్పటిదాకా చూసినవి సంఖ్యకు చెందిన గుణాలు, దాన్ని ఏ మానంలో రాసినా అవి మారవు. ఇకపై వచ్చేవి పది ఆధారంగా రాసే మన అలవాటు వల్ల పుట్టినవి. గణితజ్ఞులు వీటికి రెండవ స్థానమే ఇస్తారు, అయినా వదిలిపెట్టలేనంత సొగసు వీటిలో ఉంది.

అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలను మహారాష్ట్రకు చెందిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ హర్షద్ సంఖ్యలన్నాడు. 1234567890ని 45తో భాగిస్తే సరిగ్గా 2,74,34,842 వస్తుంది కనుక ఇది హర్షద్ సంఖ్య. పది అంకెల ఏ అమరికనైనా 9 భాగిస్తుంది, చివర 0 గానీ 5 గానీ ఉంటే 5 కూడా భాగిస్తుంది, కాబట్టి అటువంటి అమరికలన్నీ హర్షద్ సంఖ్యలే.

అదే కాప్రేకర్ పేరుతో మరొక ప్రక్రియ ఉంది. అంకెలను అవరోహణ క్రమంలో రాసి అందులోంచి ఆరోహణ క్రమంలో రాసినదాన్ని తీసివేయాలి, ఫలితంతో మళ్లీ అదే చేయాలి. నాలుగంకెల సంఖ్యలతో చేస్తే 6174 దగ్గర ఆగుతుందని చాలామందికి తెలుసు. మన సంఖ్యతో చేస్తే 9876543210 − 0123456789 = 9753086421. ఈ ఫలితంలో కూడా పది అంకెలూ ఒక్కొక్కసారే ఉన్నాయి చూడండి. కనుక రెండవసారి చేసినా అదే తీసివేత, అదే ఫలితం. ఒక్క అడుగులోనే ప్రక్రియ స్థిరపడిపోయింది.

గుణిజాలు మరీ విచిత్రంగా ఉంటాయి. 2తో గుణిస్తే 2469135780, 4తో 4938271560, 5తో 6172839450, 7తో 8641975230, 8తో 9876543120. అన్నింటిలోనూ పది అంకెలూ తప్పకుండా ఒక్కొక్కసారే వస్తాయి. 3తో గుణిస్తే మాత్రం 3703703670, 6తో గుణిస్తే 7407407340 వచ్చి ఆ క్రమం చెదిరిపోతుంది. 3తో ఉమ్మడి భాజకం లేని గుణకాలకే ఈ గుణం నిలుస్తుంది. దీని వేరు 81లో ఉంది: 123456789 × 81 = 9,99,99,99,909, అంటే 10¹⁰ కంటే 91 మాత్రమే తక్కువ. మన అంకెల వరుస దాదాపుగా 10¹⁰లో 81వ వంతు అన్నమాట. మూడవ అడుగులో వర్గమూలం 3703.7 రావడం కూడా యాదృచ్ఛికం కాదు, అది 1,00,000లో 27వ వంతుకు అతి సమీపం.

ఇటువంటి అంకెల కూర్పుల మీద మక్కువ మన నేలకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలం నాటి మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో 1 నుంచి 6 వరకు పెరిగి మళ్లీ 1 వరకు తగ్గే 12345654321ను కంఠహారం వంటి సంఖ్యగా వర్ణించాడు. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 12345654321 సరిగ్గా 111111 వర్గం.

తొమ్మిదవ అడుగు: ద్విసంఖ్యామానంలోకి మార్చడం

2తో వరుసగా భాగిస్తూ శేషాలను కింది నుంచి పైకి రాస్తే ద్విసంఖ్యా రూపం వస్తుంది. మన సంఖ్యకు అది 100 1001 1001 0110 0000 0010 1101 0010. మొత్తం 31 స్థానాలు, వాటిలో 12 ఒకట్లు. చివర ఒకే ఒక్క సున్నా ఉండటం 2 ఒక్కసారే భాగిస్తుందన్న మన తొలి ఫలితాన్ని ధ్రువపరుస్తుంది. 2³⁰ = 1,07,37,41,824 కంటే పెద్దదీ 2³¹ = 2,14,74,83,648 కంటే చిన్నదీ కాబట్టి, గుర్తుతో కూడిన 32 బిట్ల (ద్విసంఖ్యా స్థానాల) చోటులో ఇది ఇబ్బంది లేకుండా ఇముడుతుంది.

కంప్యూటర్ల ప్రపంచంలో ఈ సంఖ్యకు ఒక తేదీ కూడా ఉంది. యూనిక్స్ వ్యవస్థలు 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, విశ్వ సమయం ప్రకారం, సెకన్లను లెక్కిస్తాయి. 1234567890ని రోజుకు ఉండే 86,400 సెకన్లతో భాగిస్తే 14,288 రోజులు, శేషం 84,690 సెకన్లు. ఆ శేషం 23 గంటల 31 నిమిషాల 30 సెకన్లకు సమానం. రోజులను లెక్కకడితే అది 2009 ఫిబ్రవరి 13, శుక్రవారం. భారత కాలమానంలో అప్పటికి 14వ తేదీ తెల్లవారుజాము 5 గంటల 1 నిమిషం 30 సెకన్లు. 32 బిట్ల లెక్కింపు 2,14,74,83,647 దగ్గర, 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ హద్దు సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఆయిలర్ 1772లోనే నిరూపించాడు.

పదవ అడుగు: యంత్రంతో సరిచూసుకోవడం

లినక్స్ వ్యవస్థ ఉన్నవారు ఫ్యాక్టర్ అనే ఆదేశం ఇస్తే కారణాంకాలు క్షణంలో కనిపిస్తాయి. పైథాన్ భాషలో పూర్ణాంకాలకు పరిమాణ హద్దు లేదు కనుక అక్కడ గుణకారాలను నిశ్చింతగా సరిచూడవచ్చు. ఎక్సెల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది 15 అంకెల వరకే కచ్చితంగా నిలుపుకుంటుంది. 1234567890 వర్గం 1524157875019052100, అంటే 19 అంకెలు. ఎక్సెల్‌లో దాని చివరి అంకెలు సున్నాలుగా మారిపోతాయి, ఆ ఫలితంతో భాజనీయత పరీక్షలు చేస్తే తప్పు జవాబులు వస్తాయి.

ఈ అడుగులన్నీ సాధన చేయాలనుకునేవారు ముందుగా 987654321ను తీసుకోవచ్చు. అది 8 × 123456789 + 9కు సమానం కనుక 123456789తో దాని గరిష్ఠ సామాన్య భాజకం 9 అని భాగహారం లేకుండానే చెప్పగలగాలి. తరువాత ఆ 9ని బయటికి తీసి, 17తో రెండుసార్లు భాగించి చూడండి, మిగిలేది 3,79,721 అనే ప్రధాన సంఖ్య. ఆపైన, ఫెర్మా తన లేఖలో ఉదాహరణగా తీసుకున్న 2027651281ను ప్రయత్నించండి. దాని వర్గమూలం 45,029కి కొద్దిగా పైన ఉంటుంది. 45,030 నుంచి వరుసగా వెళితే పన్నెండవ ప్రయత్నంలో ఫలితం వస్తుంది. 4తో భాగిస్తే వచ్చే శేషాన్ని ముందుగా చూసుకుంటే ఆరు ప్రయత్నాలే చాలు. మీకు మిగిలే వర్గం 1020 వర్గమైతే, కారణాంకాలు 44,021, 46,061 అయితే, లెక్క సరిగ్గా వచ్చినట్టే.